పజిలుగారికి తెలిసిన మంత్రులు

మా లైబ్రరీకి వచ్చే పేపర్లో పజిలు పన్నెండు రోజులుగా ఖాళీగా ఉంటోంది. గళ్ళన్నీ తెల్లగా, ఎవరూ ముట్టుకోకుండా. సాయంత్రం పేపర్లు మడిచి బీరువాలో పెట్టేటప్పుడు ఆ తెలుపు చూసి మొదటి రెండు రోజులూ ఏదో తేడాగా ఉందనుకున్నాను. మూడో రోజుకి అలవాటైపోయింది. హాయిగా కూడా ఉంది. ఆయన పోయాడన్న కబురు తెలిసినప్పుడు హాల్లో ఉన్నవాళ్ళందరూ “అయ్యో” అన్నారు. నేనూ అన్నాను, అనకపోతే బాగుండదని.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆయన జీవితమంతా కోరుకున్నది నా చేతులమీదుగా జరిగిపోతుంది. వెనకాల మేమందరం పజిలుగారనేవాళ్ళం. అదే చాలు.

కొత్తపేటలో నేను ఈ లైబ్రరీ తలుపులు తీయడం మొదలుపెట్టి పద్నాలుగేళ్ళయింది. అందులో పదమూడేళ్ళు ఉదయం ఎనిమిదింటికి తాళం తీసేసరికి మెట్ల మీద ఆయన ఉండేవాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. లోపలికి వస్తూనే పేపర్లో పజిలున్న పేజీ లాగి, సగానికి మడిచి, మళ్ళీ సగానికి మడిచి, మడత మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసేవాడు. ఆ చప్పుడుతో మా లైబ్రరీ తెరిచినట్టు లెక్క. ఫ్యాను కింద ఉన్న ఒకే ఒక్క చేతుల కుర్చీ ఆయనది. ఎవరైనా అందులో కూర్చుని ఉంటే వెళ్ళి వాళ్ళ పక్కన నిలబడి, లేచేదాకా దగ్గేవాడు.

పజిలు పెన్నుతోనే నింపేవాడు. లైబ్రరీ పేపరండీ, పదిమందీ చూసుకోవాలి అని ఒకసారి పెన్సిలు ఇచ్చి చూశాను.

“పెన్సిలు అనుమానం ఉన్నవాళ్ళకి అమ్మాయ్” అన్నాడు. అప్పటికి నాకు నలభై ఆరేళ్ళు.

ఆధారాలు పైకి చదవడం ఆయన పద్ధతి. మామూలు మాటలు, పువ్వుల పేర్లు, నదుల పేర్లు లోపల్లోపల రాసేసుకునేవాడు. రాజకీయనాయకుడో సినిమా మనిషో వచ్చాడంటే మాత్రం గొంతు సవరించుకునేవాడు.

“అడ్డం ఏడు. మూడు జెండాలు మార్చినా కుర్చీ మారని మంత్రి. నాలుగక్షరాలు.”

చదివి జవాబు రాయడు. పెన్ను గాల్లో నిలబెట్టి హాలంతా ఒకసారి కలయజూస్తాడు. చదువుకునేవాళ్ళు తలెత్తేదాకా ఆగుతాడు.

“వీడా! వీడు మంత్రి కాకముందు కోటిపల్లి రేవులో గోదారి దాటే పంటు కోసం నా పక్కనే నిలబడ్డాడు. నా పొట్లంలో వేరుశెనక్కాయలు తిన్నాడు. ‘నువ్వు జెండా మార్చరా అబ్బాయ్, పైకొస్తావు’ అన్నాను. మార్చేడు. వచ్చేడు.”

ఇంకో రోజు, “నిలువు పదమూడు. నిన్నటి అందాల తార, నేటి ఎంపీ. తల లేదు. మూడక్షరాలు.” తల లేదంటే పేరులో మొదటి అక్షరం తీసేసి రాయాలని. దానికి “తల ఎప్పుడుందిట!” అని తనే నవ్వుకుని, ఆవిడ షూటింగుకి వచ్చినప్పుడు తన చిన్నాన్న కొబ్బరితోటలోనే దిగిందని, ఎండకి కళ్ళు తిరిగితే బొండం కొట్టించి తాగించింది తనేనని చెప్పేవాడు. వారం తిరక్కుండా పజిల్లో ఇంకో తార వచ్చేది. ఆవిడకీ అదే తోట, అదే ఎండ, అదే బొండం. కోనసీమకి షూటింగుకి వచ్చిన ప్రతి కథానాయికా కళ్ళు తిరిగి ఆయన పక్కనే పడింది.

అది వినడానికి మాకు జీతాలేమీ ఇవ్వరు. పరీక్షలకి చదువుకునే ఆడపిల్లలు నలుగురు రోజూ వచ్చేవాళ్ళు. వాళ్ళకి కావలసిన వర్తమాన వ్యవహారాల పేజీ పజిలుకి వెనకవైపు ఉంటుంది. “తాతగారండీ, ఒక్క ఐదు నిమిషాలు ఇస్తారాండీ?” అని అడిగితే, ముందు ఈ హాస్యనటుడి పేరు తిరగేసి చెప్పు, అప్పుడిస్తాను అనేవాడు. చెప్పలేకపోతే ఈకాలం పిల్లలకి జనరల్ నాలెడ్జి లేదని అందరికీ వినపడేలా బాధపడేవాడు. చెబితే ఇంకొకటి అడిగేవాడు. పేజీ ఇవ్వగా నేను చూడలేదు.

పదకొండింటికి లేచేవాడు. లేచేటప్పుడు పేపరు ఎత్తి దూరంగా పట్టుకుని చూసుకునేవాడు, ఒక్క గడీ ఖాళీ లేకుండా. “మేష్టారు మళ్ళీ మొత్తం కొట్టేశారు” అనేవాళ్ళు చూసినవాళ్ళు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఏమీ తోచక, ఆయన నింపిన పజిలుని మర్నాటి పేపర్లో వచ్చిన జవాబులతో పెట్టి చూశాను. సగం తప్పులు. తప్పులంటే ఒకరి పేరు బదులు ఇంకొకరి పేరు కాదు. తెలియని చోటల్లా చేతికొచ్చిన అక్షరాలు. ఒక గాయని పేరు రావలసిన ఐదు గళ్ళలో ‘లుమకిరేట’ అని ఉంది. అక్షరాలు మాత్రం ముత్యాల్లా ఉన్నాయి. హాల్లోవాళ్ళు దూరంనించి చూసి నిండిందా లేదా అనుకుంటారు గాని, చదవరు. అది ఆయనకి తెలుసు. తెలియదు అని ఒక్క గడి వదిలి లేవడం ఆయన వల్ల కాలేదు.

ఆ రోజునుంచి ఆయన మీద నాకున్న చిరాకు అసహ్యంగా మారింది. అయినా ఎవరికీ చెప్పలేదు. పజిలే కదా, ఎవరికి నష్టం అనుకున్నాను.

మూడేళ్ళ కిందట సత్తిబాబు వచ్చాడు. కొబ్బరికాయలు వలిచే మనిషి. రోజంతా నేలలో పాతిన గునపానికి కాయ గుచ్చి డొక్క తీసే పని. చేతులు కాయకట్టి, లుంగీకి పీచు అంటుకుని ఉండేది. మా లైబ్రరీలోకి చెప్పులు బయట విప్పి వచ్చిన మనిషి నాకు తెలిసి అతనొక్కడే. నా బల్ల ముందు నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

“మేడమ్ గారండీ, ఓ అర్జీ రాసిపెట్టాలండి. మా ఇంటిదాని గురించండి.”

అతని భార్య దుర్గ అప్పటికి రెండేళ్ళ ముందు ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళింది. ప్రతి శుక్రవారం ఫోన్ చేసేది. ఐదు శుక్రవారాలుగా ఫోన్ లేదు. అక్కడే పనిచేసే ఉప్పలగుప్తం వైపు మనిషి ఒకావిడ కబురు పంపింది. ఇంటివాళ్ళు దుర్గ ఫోన్ లాక్కున్నారట, పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉందట, జ్వరంతో ఉన్నా పని చేయిస్తున్నారట. పంపిన ఏజెంటు ఫోన్ ఎత్తడం లేదు. ఇదంతా సత్తిబాబు కళ్ళు నేలకేసి పెట్టి, తప్పు తనదైనట్టు చెప్పాడు.

నేను కాగితం తీశాను. ఫ్యాను కిందనించి గొంతు వచ్చింది.

“అర్జీలేంటయ్యా, అర్జీలు! చెత్తబుట్టలోకి పోతాయవి. ఇలా రా.”

సత్తిబాబు వెళ్ళాడు. పజిలుగారు పేపరు మడత తిప్పి చూపించాడు.

“ఇదిగో, నిలువు నాలుగు. విదేశాల్లో మనవాళ్ళ బాగోగులు చూసే మంత్రి, తారుమారు. ఇదీ వాడి పేరు. అక్షరాలు కలగలిపి ఇచ్చేరు, నేను సరిచేసి రాసేను. వీడూ నేనూ ఏరా అంటే ఏరా. ఒక్క ఫోన్ కొడితే నీ పెళ్ళాం విమానం ఎక్కుతుంది.”

“మీకు తెలుసాండీ ఆయన?”

“తెలుసా అంటావేంటి! మా ఇంట్లో మెతుకులు తిన్నాడు.”

సత్తిబాబు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. పజిలుగారికి కాదు, ఆ పేపరు మీదున్న గళ్ళకి.

నేను తీసిన కాగితం మళ్ళీ సొరుగులో పెట్టేశాను. నమ్మి కాదు. ఆయనతో వాదన పెట్టుకోవడానికి బద్ధకించి. ఆ సంగతి కూడా ఇక్కడ రాయాలి.

తర్వాత రోజూ పదింటికి సత్తిబాబు వచ్చేవాడు. ఆ కుర్చీ పక్కన నిలబడేవాడు. పజిలుగారు చేతిలో ఉన్న ఆధారం పూర్తి చేసి, పెన్నుకి మూత పెట్టి, అప్పుడు చెప్పేవాడు.

“నిన్న మాట్లాడేను. ఫైలు తెప్పించుకున్నాడు.”

“ఆయ్.”

“తెల్ల చొక్కా వేసుకుని వరండాలో పడక్కుర్చీలో ఉన్నాట్ట. కాఫీ పక్కన పెట్టి మరీ మాట్లాడేడు. ‘ఎవరో పరాయివాళ్ళయితే రేపు చూద్దాం అనేవాణ్ణి గురువుగారూ, మీరు అడిగేరు కాబట్టి’ అన్నాడు.”

“ఆయ్. మీ దయండి.”

ఒక రోజు ఎంబసీకి ఉత్తరం వెళ్ళింది. ఒక రోజు అక్కడి పెద్ద అధికారి సెలవులో ఉన్నాడు. ఇంకో రోజు మంత్రి దుర్గ ఏం తింటోందో కనుక్కోమన్నాడు. సత్తిబాబు అన్నీ నోరు కదుపుతూ, అప్పచెప్పాల్సిన పాఠంలా వినేవాడు. విని, మెల్లగా వెళ్ళి చెప్పులు వేసుకునేవాడు.

శుక్రవారం మాకు సెలవు. ఒక శుక్రవారం మా ఆడపడుచుతో కలిసి ద్రాక్షారామం వెళ్ళాను. గుళ్ళో పులిహోర ప్రసాదం పంచే వరసలో మాకు ముందు పజిలుగారున్నాడు. మమ్మల్ని చూడలేదు. రెండో దొన్నె కోసం మళ్ళీ వరసలో నిలబడి, మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాడు. శనివారం పదింటికి సత్తిబాబుకి చెబుతున్నాడు.

“నిన్న పొద్దున్నే రాజమండ్రి వెళ్ళేను. గెస్టుహౌసులో దిగేడు వాడు. నీ పని మీదే వెళ్ళేను. మధ్యాహ్నం భోజనం కూడా అక్కడే పెట్టించేడు.”

సత్తిబాబు వెళ్ళేదాకా ఆగి, నేను ఆ కుర్చీ దగ్గరికి వెళ్ళాను.

“నిన్న ద్రాక్షారామంలో మిమ్మల్ని చూశానండి.”

పెన్ను ఆగలేదు. “నన్ను పోలిన మనిషి ఒకడు అటువైపు తిరుగుతున్నాడని చాలామంది చెప్పేరు అమ్మాయ్.”

“ఆ మనిషి పెళ్ళాం అక్కడ జ్వరంతో ఉందండి. ఇప్పటికి మూడు వారాలైంది.”

“వీటికి టైము పడుతుంది. నీకు తెలీదు ఈ వ్యవహారాలు. అడ్డం పదకొండు చూడు, నీకు వస్తుంది. చెదిరిపోయిన గాయని, నాలుగక్షరాలు.”

చెయ్యి చేసుకోవాలనిపించిన సందర్భాలు నా ఉద్యోగంలో రెండో మూడో ఉన్నాయి. ఇది మొదటిది.

ఆ సాయంత్రం అర్జీ రాశాను. పాస్‌పోర్టు నంబరూ ఏజెంటు పేరూ కావాలని సత్తిబాబుని పిలిపించుకుని, అన్నీ నింపి చేతిలో పెట్టాను. “సోమవారం అమలాపురం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారండి. వెళ్ళి ఇవ్వండి, రసీదు తీసుకోండి. ఈయన మాట నమ్ముకోకండి. ఈయనకి ఏ మంత్రీ తెలియదు” అన్నాను. సత్తిబాబు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపలి జేబులో దాచుకున్నాడు.

“ఆయ్” అన్నాడు. ఇంకేమీ అనలేదు.

మంగళవారం పదింటికి మళ్ళీ వచ్చి ఆ కుర్చీ పక్కనే నిలబడ్డాడు. బుధవారమూ వచ్చాడు. ఒక నెలపాటు రోజూ వచ్చాడు. నావైపు చూసి చిన్నగా నవ్వి, వెళ్ళి మంత్రిగారి కబుర్లు విని వెళ్ళేవాడు. అర్జీ ఇచ్చారా అంటే ఇచ్చేనండి అన్నాడు. మరి ఇదేమిటి! వీడికీ బుద్ధి లేదు, ఇద్దరూ సరిపోయారు అనుకున్నాను. అప్పట్నించి అతను వచ్చే వేళకి రిజిస్టర్లో తల దూర్చేసేదాన్ని.

ఆ తర్వాత మూడు వారాలు సత్తిబాబు రాలేదు. ఒక ఉదయం దుర్గని వెంటబెట్టుకుని వచ్చాడు. మనిషి పుల్లలా ఉంది. మెడ మీద కాలిన మచ్చ కొంగుతో కప్పుకుంది. కలెక్టరాఫీసునించి రాస్తే ఎంబసీవాళ్ళు ఆ ఇంటికి వెళ్ళి తీసుకొచ్చారు. దుర్గ నా కాళ్ళకి దణ్ణం పెట్టబోతే ఆపి కూర్చోబెట్టాను. అది చూసి పజిలుగారు కుర్చీలోంచి లేచాడు. పజిలు మధ్యలో ఆయన లేవడం నేనెప్పుడూ చూడలేదు.

“చూసేవా! నేను చెప్పేనా లేదా! మొన్ననే వాడు ‘గురువుగారూ, టిక్కెట్టు తీసేశాం’ అన్నాడు. నీకు చెబ్దామంటే నువ్వు రావటం మానేసేవు.”

నేను నోరు తెరిచాను. సత్తిబాబు నాకంటే ముందు చేతులు జోడించాడు.

“ఆయ్, మీ దయండి” అన్నాడు.

హాల్లో ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. పరీక్షల పిల్లలు కూడా. పజిలుగారు తల కాస్త వంచి ఆ చప్పట్లు తీసుకున్నాడు.

వాళ్ళిద్దరూ వెళ్తుంటే వరండాలోకి వెళ్ళి సత్తిబాబుని ఆపాను. కోపంగానే అడిగాను. “తెలిసి తెలిసి ఆయనకి దణ్ణమేమిటండీ? ఆ నెలరోజులూ పని మానుకుని వచ్చి ఆ అబద్ధాలు ఎందుకు విన్నారు?”

“ఆయనకి మంత్రులెవరూ తెలీదని నాకు మొదటి వారంలోనే తెలుసండి” అన్నాడు సత్తిబాబు.

“మరి?”

“మా అత్తగారండి. దుర్గ కబురు వచ్చిన కాణ్ణించి ముద్ద ముట్టలేదండి. నేను పని చేసుకుని ఇంటికెళ్తే, ఏమన్నారు, ఏమన్నారు అని అడిగేదండి. నాకు అబద్ధం కట్టటం రాదండి. ఏదో జరుగుతుందిలే అంటే నమ్మేది కాదండి. ఈయనైతే ఏ చొక్కా వేసుకున్నాడో, కాఫీ ఎక్కడెట్టేడో అన్నీ చెప్పేవోరు కదండీ. అవి పట్టుకెళ్ళి చెప్పేవోణ్ణండి. వింటా వింటా రెండు ముద్దలు తినేదండి.”

దుర్గ అరుగు మీది స్తంభం పట్టుకుని నిలబడింది. అతను ఆవిడ చెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు.

దీంతో ఆయన మీద నా అభిప్రాయం మారిందనుకుంటారేమో. మారలేదు. మర్నాటినించి లైబ్రరీకి కొత్తగా వచ్చిన ప్రతివాడికీ ఆయన, గల్ఫులో చిక్కుకున్న ఓ ఆడమనిషిని తాను ఒక్క ఫోనుతో తెప్పించిన కథ చెప్పాడు. వారానికొకసారి ఆ ఫోన్లో కొత్త మాటలు చేరేవి. చివరికి దుర్గని దింపడానికి మంత్రి తన కారు పంపినట్టు కూడా విన్నాను.

ఆరేడు నెలలకి ఒక పొద్దున ఒక ముసలావిడ గుమ్మంలో నిలబడింది. చేతిలో చక్రకేళి అత్తం, నోట్లో పళ్ళు లేవు. సత్తిబాబు అత్తగారు. ఒక్కర్తే ఆటోలో వచ్చింది.

“మంత్రిగారి స్నేహితులు ఎవరమ్మా?” అని నన్ను అడిగింది.

చూపించాను. ఆవిడ వెళ్ళి అరటిపళ్ళు ఆయన ఒళ్ళో, పజిలు మీదనే పెట్టింది.

“మా పిల్లని తెప్పించేరు బాబూ. మీ రుణం తీర్చుకోలేను. ఇంకొక్క మాట అడగాలని వచ్చేను. ఏజెంటు మళ్ళీ వచ్చేడు. ఈసారి మంచి ఇల్లంట, నమ్మకంగా చెప్తన్నాడు. ఇల్లు గోడల దాకా వచ్చి ఆగిపోయింది. దుర్గ వెళ్తానంటంది. అల్లుడు వద్దంటన్నాడు. నాకేం తోచటం లేదు. మంత్రిగారిని ఓసారి అడిగిపెట్టండి బాబూ, పంపమంటారా వద్దంటారా అని. ఆయన ఎలాగంటే అలాగే చేస్తాం.”

నా చేతిలో స్టాంపు ఆగిపోయింది. ఏమంటాడో నాకు తెలుసు. పంపమ్మా, వాడికి చెప్పి ఉంచుతాను, నేనున్నాను కదా అంటాడు. అలా అనడమే ఆయనకి గొప్ప. ఈసారి ఆపాల్సిందే అని లేచాను.

పజిలుగారు జేబులోంచి ఫోన్ తీశాడు. ఏవో నంబర్లు నొక్కాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతలినించి చిన్న చప్పుడు కూడా లేదు, నేను మూడు అడుగుల దూరంలోనే ఉన్నాను.

“నేనేరా. ఆఁ. అదే, మన దుర్గ వాళ్ళమ్మగారు వచ్చేరు. మళ్ళీ పంపమంటావా అని అడుగుతున్నారు. ఆఁ... ఆఁ... అలాగంటావా... సరే, చెప్తాను.” ఫోన్ ఆవిడకి అందించాడు. “దణ్ణం పెట్టుకోండి.”

ఆవిడ ఫోన్‌ని రెండు చేతుల్తో పట్టుకుంది. “అయ్యా, చల్లగా ఉండండయ్యా. మా పిల్లని నా కళ్ళకి చూపించేరు” అంది. తిరిగి ఇచ్చేసింది. “ఏమన్నారు బాబూ?”

“వద్దన్నాడమ్మా” అన్నాడాయన. “ఇల్లు ఎక్కడికీ పోదు, మనిషిని ఇంట్లో ఉంచుకోమన్నాడు. మళ్ళీ పంపితే తన బాధ్యత లేదన్నాడు.”

“ఆయ్. పంపనండి. అంత పెద్దాయన చెప్పేక కాదంటానా” అంది.

ఎందుకలా చెప్పాడో నాకు తెలియదు. దుర్గ మళ్ళీ చిక్కుకుంటే మళ్ళీ తెప్పించమని తన దగ్గరికే వస్తారని భయపడి ఉంటాడు. నేను ఇప్పటికీ అదే అనుకుంటున్నాను. ఆయన నావైపు చూడలేదు. అరటిపళ్ళు పక్కన పెట్టి పేపరు మడత సరిచేసుకున్నాడు.

దుర్గ వెళ్ళలేదు. ఇక్కడే కొబ్బరి పీచు పనికి వెళ్తోంది. గోడలు అలాగే ఉన్నాయి, వాటి మీద తాటాకు కప్పుకున్నారు.

ఆ రోజు ముసలావిణ్ణి ఆటో ఎక్కించడానికి నేనే రోడ్డు దాకా వెళ్ళాను. ఎండ చుర్రుమంటోంది. ఆవిడ నా భుజం పట్టుకుని నడుస్తూ ఉన్నట్టుండి ఆగింది.

“నాకు మంత్రిగారి గొంతు ఏం వినపళ్ళేదమ్మా” అంది.

“పెద్దవాళ్ళు నెమ్మదిగా మాట్లాడతారండి” అన్నాను నేను.